సాకీ తెగిన పాటలు: బ్రాడ్వే నాటకాలు పోయి పాటలు మిగిలిన వైనం

«మై ఫన్నీ వాలెంటైన్» పాటలో వాలెంటైన్ ఒక కుర్రవాడి పేరు. ఇంటిపేరు లమార్, ముద్దుపేరు వాల్. 1937 ఏప్రిల్ 14న న్యూయార్క్ షుబర్ట్ థియేటర్‌లో మొదలైన «బేబ్స్ ఇన్ ఆర్మ్స్» నాటకంలో బిల్లీ స్మిత్ అనే అమ్మాయి ఈ వాల్‌ని ఆటపట్టిస్తూ పాడుతుంది: నీ మొహం ఫొటోకి పనికిరాదు, నీ తెలివి అంతంతమాత్రం, అయినా నువ్విలాగే ఉండు అని. చివర్లో వచ్చే «వాలెంటైన్స్ డే» ఆ పేరు మీద శ్లేష. ఫిబ్రవరి 14తో ఈ పాటకున్న చుట్టరికం అంతే. ఇవాళ దీన్ని కళ్ళు మూసుకుని, గొంతు బరువు చేసుకుని, మగ గాయకులు ఎవరో అందగత్తెకి పాడుతున్నట్టు పాడతారు. ఆడపిల్ల మగపిల్లవాణ్ణి ఏడిపించిన పాట కాస్తా ఆరాధన గీతమైంది.

ఇలాంటి పాటల్ని పాశ్చాత్య సంగీత లోకం «స్టాండర్డ్» అంటుంది. మొదట ఎవరు పాడారన్న పట్టింపు లేకుండా ప్రతి గాయకుడూ, ప్రతి జాజ్ బృందమూ తమదిగా వాడుకునే ఉమ్మడి సొత్తు అన్నమాట. 1920ల నుంచి 1950ల దాకా పుట్టిన ఈ పాటల్లో పెద్ద వాటా న్యూయార్క్ రంగస్థలానిది, అంటే బ్రాడ్వేది. అన్నీ కాదు. «ఓవర్ ద రెయిన్‌బో» సినిమా పాట, «స్టార్‌డస్ట్» మొదట మాటల్లేని వాద్య రచన.

నాటకంలో పుట్టిన పాట మరోచోట బతకడం మనకు కొత్తేమీ కాదు. 1966 సినిమాలో పి.సుశీల పాడిన «మీరజాలగలడా నా యానతి» అంతకు చాలా ముందే, ముత్తరాజు సుబ్బారావు «శ్రీకృష్ణ తులాభారం» నాటకంలో సత్యభామ వేషం కట్టే స్థానం నరసింహారావు తానే రాసుకుని పాడిన పాట. అయితే మన సినిమా ఆ నాటకం పేరునూ కథనూ కూడా వెంట తెచ్చుకుంది; వింటుంటే సత్యభామ కళ్ళముందు కనిపిస్తుంది. బ్రాడ్వే పాటలకు ఆ భాగ్యం దక్కలేదు. పాత్ర పోయింది, సందర్భం పోయింది, చివరికి పాటలో కొంత భాగమే తెగిపోయింది. ఆ తెగిన భాగం దగ్గరే అసలు విషయమంతా ఉంది.

గుండీలతో కుట్టిన పాట

అప్పటి మ్యూజికల్ (పాటల నాటకం) నలుగురైదుగురి చేతిపని. సంగీతం ఒకరిది, పాటకి మాటలు ఒకరివి, కథా సంభాషణలు ఇంకొకరివి, ఏ వాద్యం ఏం వాయించాలో రాసిపెట్టే పని మరొకరిది. న్యూయార్క్‌లో తెరలేవకముందు బోస్టన్‌లోనో, ఫిలడెల్ఫియాలోనో, న్యూ హేవెన్‌లోనో కొన్నాళ్ళు ఆడించి చూసేవారు. అక్కడ తేలిపోయిన పాటని తీసేసి, రాత్రికి రాత్రి మరొకటి పెట్టేవారు. కాబట్టి పాటని కథకి దారంతో కుట్టేయడం కుదరదు. గుండీలు పెట్టాలి, ఊడదీయడానికి వీలుగా.

పైగా ఆ పాటకి నాటకం కాక ఇంకో యజమాని ఉండేవాడు: మ్యూజిక్ పబ్లిషర్. షీట్ మ్యూజిక్ (పాట స్వరాలూ మాటలూ ఉన్న కాగితాలు) అచ్చువేసి థియేటర్ లాబీలోనూ దుకాణాల్లోనూ అమ్మేవాడు, డాన్స్ బ్యాండ్‌లకు, రేడియో గాయకులకు పాటని అంటగట్టడానికి మనుషుల్ని పెట్టుకునేవాడు. వీళ్ళ పేరు సాంగ్ ప్లగ్గర్లు. తర్వాత పెద్ద స్వరకర్త అయిన జార్జ్ గెర్ష్విన్ పదిహేనేళ్ళ వయసులో చేసిన ఉద్యోగం అదే. ఆ బేరానికి తగ్గట్టే పాట కొలత కుదిరింది: 32 బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటి తాళం కొలత), ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటి ముక్క, మళ్ళీ అదే, మూడోది వేరే దారి పట్టి వెళ్ళి, నాలుగోది తిరిగి మొదటి దగ్గరకే వస్తుంది. తెరలేచే ముందు వాద్యబృందం ఒకసారి, పాత్ర నోట ఒకసారి, రెండో అంకంలో మరోసారి, జనం లేచి వెళ్తుంటే ఇంకోసారి. ఒక్క సాయంత్రంలో నాలుగుసార్లు చెవిన పడ్డ ముక్కని కూనిరాగం తీసుకుంటూ బయటికొచ్చేవాడు లాబీలో ఆగి షీట్ కొనకుండా ఉంటాడా?

నాటకాన్ని మోసే బండి మాత్రం లేదు. మ్యూజికల్‌ని మొదటి నటులతోనే ఆల్బమ్‌గా రికార్డు చేసే అలవాటు అమెరికాలో 1943 నాటి «ఓక్లహోమా!» తర్వాతే స్థిరపడింది. అంతకుముందు అక్కడక్కడా కొన్ని పాటలు తప్ప నాటకమంతా వినే వీలు లేదు. వాద్యబృందం కాగితాలు, ప్రదర్శనలు ముగిశాక, ఏ గోదాములోకో పోయేవి. 1982లో న్యూజెర్సీలోని సెకాకస్‌లో వార్నర్ బ్రదర్స్ గోదాములో పెట్టెల కొద్దీ రాతప్రతులు బయటపడ్డాయి. స్వరకర్తలు గెర్ష్విన్, జెరోమ్ కెర్న్, కోల్ పోర్టర్, రిచర్డ్ రోడ్జర్స్‌వి. శాశ్వతంగా పోయాయనుకున్నవి కూడా వాటిలో ఉన్నాయి.

స్క్రిప్టుల మీద జాలిపడక్కర్లేదు. చాలావాటిలో ఆ ఏటి రాజకీయాల మీద జోకులు, ఫలానా హాస్యనటుడి కోసం అతికించిన దృశ్యాలు, నూలుపోగంత కథ ఉండేవి. 1930 నాటి «గర్ల్ క్రేజీ»లో «ఐ గాట్ రిథమ్», «ఎంబ్రేసబుల్ యూ», «బట్ నాట్ ఫర్ మీ» మూడూ ఉన్నాయి. 1992లో దాన్ని మళ్ళీ రంగం మీదకు తేవాలనుకున్నప్పుడు పాత కథని దాదాపు పక్కనపెట్టి కొత్తది రాశారు, పేరు కూడా మార్చి «క్రేజీ ఫర్ యూ» అన్నారు. «బేబ్స్ ఇన్ ఆర్మ్స్»ది ఇంకో రకం దురదృష్టం. 1937 కథలో ఊరూరా తిరిగే నటుల పిల్లలు, తమను పని శిబిరానికి పంపకుండా ఉండాలని సొంతంగా నాటకం వేస్తారు. వర్ణవివక్ష ప్రస్తావన కూడా అందులో ఉంది. 1959లో దాన్ని వేసవి నాటకశాలలో పనిచేసే కుర్రకారు కథగా తిరగరాశారు. తర్వాత చాలా ఏళ్ళు కాలేజీలూ ఔత్సాహిక బృందాలూ ఆడింది ఆ కొత్త పాఠమే. అంటే నాటకం స్వయంగా చూశానన్నవాడు కూడా అసలుది చూశాడని నమ్మకం లేదు.

సాకీ ఎందుకు తెగింది

పల్లవికి ముందు తాళం లేకుండా, మాటకీ పాటకీ మధ్యలో నడిచే నాలుగు పాదాల్ని మనం సాకీ అంటాం. బ్రాడ్వే పాటలకీ అలాంటిది ఉంది. ఇంగ్లీషులో దాని పేరు «వర్స్», అసలు పల్లవి పేరు «రిఫ్రెయిన్». పాత్ర అప్పటిదాకా మాట్లాడుతూ ఉంటుంది. ఉన్నట్టుండి 32 బార్ల రాగంలోకి దూకితే ప్రేక్షకుడికి నవ్వొస్తుంది. సాకీ ఆ మెట్టు. ఇక్కడ ఎవరు పాడుతున్నారు, ఎవరికి, ఎందుకు, ఎంత వెటకారంతో అన్నది తేలుతుంది. లయ వదులు, రాగం మాటకి దగ్గర, వాద్యం పలచన.

«మై ఫన్నీ వాలెంటైన్» సాకీయే చూడండి. పాటకి మాటలు రాసిన లోరెంజ్ హార్ట్ దాన్ని కావాలనే పాతకాలపు ఇంగ్లీషులో రాశాడు. మన ఇళ్ళల్లో మరదలు బావని «తమరు విచ్చేసితిరా» అని గ్రాంథికంలో దెప్పుతుందే, సరిగ్గా ఆ ధోరణి. అది విన్నవాడికి తర్వాత వచ్చే పల్లవి ఎంత మెల్లగా నడిచినా, అందులోని కొంటెతనం అంటిపెట్టుకునే ఉంటుంది. సాకీ లేకుండా పల్లవి మొదలుపెడితే మిగిలేది సి మైనర్ దిగులు ఒక్కటే. పాట ఈ ఫ్లాట్ మేజర్‌లో, అంటే వెలుతురులో, ముగుస్తుందన్నది కూడా అప్పుడు చెవికి ఆనదు. ఈ పల్లవి 32 బార్లు కూడా కాదు, 36. చివరి ముక్క పన్నెండు బార్లకు సాగుతుంది, అమ్మాయి గొంతులో వెటకారం కరిగి ప్రేమ బయటపడేది ఆ అదనపు నాలుగు బార్లలోనే.

సాకీ తెగడానికి కారణాలు కళకి సంబంధించినవి కావు. పది అంగుళాల 78 ఆర్పీఎం రికార్డు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూగా. డాన్స్ బ్యాండ్ ముందు ఒకసారి రాగమంతా వాయించి, మధ్యలో గాయకుణ్ణి ఒక్క పల్లవికి లేపి, మళ్ళీ వాయించి ముగించాలి. నాట్యం చేసేవాళ్ళకి ఎడతెగని తాళం కావాలి, సాకీలో తాళం నిలవదు. పైగా సాకీలో పాత్ర పేర్లు, ఊళ్ళు, సంగతులు ఉంటాయి. రేడియో వినేవాడికి అవి అయోమయం. అలా మొదటి కోత పడింది. 1970ల మధ్య బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల కుర్రాళ్ళ చేతుల్లో దొంగచాటుగా తిరిగిన «రియల్ బుక్» లాంటి సంకలనాలు ఆ కోతని శాశ్వతం చేశాయి. వాటిలో పల్లవి రాగం, పైన కార్డ్‌ల (కలిపి పలికించే స్వరాల గుంపుల) పేర్లు, మూలన స్వరకర్త పేరు మాత్రమే కనిపిస్తాయి. సాకీ దాదాపు ఉండదు, మాటలూ ఉండవు, ఏ నాటకంలోదో ఉండదు. వాటితో నేర్చుకున్న తరానికి సాకీ ఉందన్న అనుమానమే రాదు.

పాత్ర పోతే అర్థం ఎటు పోతుంది

«బేబ్స్ ఇన్ ఆర్మ్స్»లోనే అదే బిల్లీ పాడే ఇంకో పాట «ద లేడీ ఈజ్ ఎ ట్రాంప్». ట్రాంప్ అన్న మాటకి రెండర్థాలు: దేశదిమ్మరి, నడత మంచిది కాని ఆడది. తెలుగులో «తిరుగుబోతు» సరిగ్గా ఈ రెండు అర్థాలనీ మోస్తుంది. బిల్లీ నిజంగానే దారిన పోయే బండ్లు ఆపుకుంటూ ఊళ్ళు తిరిగే పిల్ల, ఆ సంగతంతా సాకీలో చెబుతుంది. తర్వాత పల్లవిలో న్యూయార్క్ నాగరికుల పద్ధతుల్ని వెక్కిరిస్తూ, వాటిని పాటించను కాబట్టి నేను తిరుగుబోతునేలే అంటుంది. తన గురించి తానే వేసుకున్న చురక. 1957 సినిమా «పాల్ జోయీ»లో ఫ్రాంక్ సినాత్రా ఇదే పాటని రీటా హేవర్త్ పాత్ర ఎదుట, «నేను» తీసేసి «ఆమె» పెట్టి పాడాడు. అమ్మాయి ఆత్మాభిమానం మగవాడి కితాబుగా మారింది, రెండో అర్థం ముందుకొచ్చింది. ఆ సినిమాలోనే «మై ఫన్నీ వాలెంటైన్» కూడా దూర్చారు. అందుకే ఈ రెండు పాటలూ «పాల్ జోయీ»లోవని నమ్మేవాళ్ళు ఇప్పటికీ కోకొల్లలు.

«సెప్టెంబర్ సాంగ్»ని నెమ్మదైన ప్రేమ పాటగా వింటాం. 1938లో కుర్ట్ వైల్, మాక్స్‌వెల్ ఆండర్సన్ కలిసి చేసిన «నికర్‌బాకర్ హాలిడే»లో దాన్ని పాడేది పీటర్ స్టైవెసంట్. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న న్యూయార్క్‌కి గవర్నరు, ఒంటికాలి ముసలివాడు, నియంత. వేరొకణ్ణి ప్రేమించిన పడుచుపిల్లని పెళ్ళికి ఒప్పించడానికి, కుర్రాళ్ళకి ఎదురుచూసే తీరిక ఉంటుంది గానీ నాకు రోజులు తరిగిపోతున్నాయి అని వాదన పెడతాడు. విని మనసు కరిగిందంటే ఆ ముసలి నక్క ఎత్తు పారినట్టే. ఆ రాగం అంత ఇరుకైన పరిధిలో నడవడానికీ కారణం ఉంది: ఆ వేషం వేసిన వాల్టర్ హ్యూస్టన్ గాయకుడు కాడు, నటుడు. అతని గొంతు ఎంతవరకు పలుకుతుందో అంతలోనే వైల్ పాట కట్టాడు.

నటి గొంతుని బట్టి పాట రూపం కుదరడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ 1973 నాటి «సెండ్ ఇన్ ద క్లౌన్స్». «ఎ లిటిల్ నైట్ మ్యూజిక్»లో ఆ పాట పాడే నడివయసు నటి వేషం వేసిన గ్లినిస్ జాన్స్ స్వరాన్ని ఎక్కువసేపు నిలపలేదు. అందుకని స్టీఫెన్ సాండ్‌హైమ్ దాన్ని చిన్న చిన్న ప్రశ్నలతో, ప్రతి ముక్క తర్వాత ఊపిరి తీసుకునే వీలుతో రాశాడు. పెద్ద గొంతున్నవాళ్ళు ఆ ఖాళీల్ని స్వరంతో నింపేస్తుంటారు. అదే అతి పెద్ద తప్పు. ఖాళీల్లో ఆ నడివయసు నటి తన అవివేకాన్ని తానే లెక్కగట్టుకుంటోంది. క్లౌన్స్ అంటే సర్కస్ బఫూన్లు కారు. నాటకం చప్పబడుతోంది, ఇక హాస్యగాళ్ళని దింపండి అనే రంగస్థలం మాట అది. నడివీధిలో నగుబాటైనవాళ్ళం మనమే కదా అన్నది అందులోని చేదు. 1975లో జూడీ కాలిన్స్ రికార్డుతో పాట ఇంటింటికీ చేరింది, ఈ అర్థం మాత్రం నాటకంలోనే ఉండిపోయింది.

«సమ్మర్‌టైమ్» సంగతి చాలామందికి తెలిసిందే: 1935 నాటి «పోర్గీ అండ్ బెస్»లో క్లారా పాడే జోలపాట. మీ నాన్న డబ్బున్నవాడు, మీ అమ్మ అందగత్తె అంటుంది పాట. నాన్న చేపలు పట్టుకుని బతికే బీదవాడు. తుఫానులో అతనూ పోతాడు, వెతుక్కుంటూ వెళ్ళిన క్లారా కూడా పోతుంది. తర్వాత అదే జోల ఆ అనాథకి బెస్ పాడుతుంది. మొదటిసారి తీపి, రెండోసారి చేదు. ఒక్కసారే వినే రికార్డులో ఆ రెండోసారి ఉండదు. తొలి ప్రదర్శనలు 124తో ఆగాయి, పెట్టిన డబ్బు తిరిగి రాలేదు.

బెర్లిన్‌లో 1928 ఆగస్టు 31న మొదలైన «త్రీపెన్నీ ఆపెరా»ది వేరే కథ. దొంగల నాయకుడు మెక్‌హీత్ వేషం వేసిన హారల్డ్ పాల్సన్ తన ప్రవేశం ఘనంగా ఉండాలని పట్టుబడితే, ప్రదర్శన దగ్గర పడ్డాక నాటక రచయిత బ్రెష్ట్, స్వరకర్త వైల్ ఒక పాట కట్టారు. దాన్ని అతనికివ్వకుండా వీధిగాయకుడి నోట పెట్టారు. జాతరలో బొమ్మల పటం చూపిస్తూ హంతకుల నేరాల్ని ఏకరువు పెట్టే రకం పాట అది. అదే «మ్యాక్ ద నైఫ్». ఇంగ్లీషులో జనంలోకి వెళ్ళిన పాఠంలో ఇల్లు తగలబెట్టి పిల్లల్ని చంపడం, అత్యాచారం ఉన్న చరణాలు లేవు. 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేస్తున్నప్పుడు వైల్ భార్య, నటి లోటే లెన్యా స్టూడియోలో ఉంది. అతను సరదాకి ఆమె పేరుని పాటలోని ఆడవాళ్ళ వరుసలో చేర్చేశాడు. 1959లో బాబీ డారిన్ ఆ పేరుతో సహా పాడి అమెరికా పట్టికలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచాడు. హంతకుడి చిట్టా చిటికెలేసే పాటైంది, నిజం మనిషి అందులో పాత్రైపోయింది.

రేడియో చేసిన ఆలస్యం

పాట ఎంత మంచిదైనా వ్యాపారం అడ్డుపడితే ఆగిపోవాల్సిందే. «పాల్ జోయీ» నాటకం 1940 డిసెంబర్ 25న తెరలేచింది. వారం తిరిగేసరికి, 1941 జనవరి 1 నుంచి, రేడియో సంస్థలకూ స్వరకర్తల సంఘం ఆస్కాప్‌కూ రుసుముల పేచీ ముదిరి, ఆ సంఘం సభ్యుల పాటలు పెద్ద రేడియో నెట్‌వర్కుల్లో ఆగిపోయాయి. అక్టోబర్ చివరిదాకా అంతే. నాటకానికి పాటలు కట్టిన రోడ్జర్స్, హార్ట్ ఇద్దరూ ఆ సంఘం సభ్యులే. దాంతో «బివిచ్డ్» పాటని నాటకం చూసినవాళ్ళు తప్ప ఎవరూ వినలేదు. పదేళ్ళ తర్వాత, 1950లో, బిల్ స్నైడర్ పియానో రికార్డుతో అది ఒక్కసారిగా పైకి లేచింది. ఇక్కడ వింతేమిటంటే పాటే నాటకాన్ని వెనక్కి తెచ్చింది. పాట వేడి మీద ఉండగా నాటకం ఆల్బమ్ వచ్చింది, దాని ఊపుతో 1952లో నాటకం మళ్ళీ వేస్తే 540 ప్రదర్శనలు ఆడింది. మొదటిసారి ఆడినవి 374. అయితే రికార్డుల్లోకి ఎక్కిన మాటలు కడిగి ఆరేసినవి. నాటకంలో డబ్బున్న పెళ్ళైన మనిషి, తనకంటే చిన్నవాడైన ఒక పనికిమాలిన క్లబ్బు గాయకుడి గురించి ఏ మొహమాటమూ లేకుండా పాడుతుంది. చివర్లో నాకు ఆ మైకం వదిలిపోయింది అని అదే రాగంలో ముగిస్తుంది.

జాజ్ వాళ్ళు ఏం తీశారు, ఏం అతికించారు

«ఐ గాట్ రిథమ్» పల్లవి అచ్చులో 34 బార్లు. చివర రెండు బార్ల తోక ఉంది. నాటకంలో దాన్ని పాడిన ఎథెల్ మెర్మన్ రంగం మీద ముగింపు దంచడానికి అది పనికొచ్చింది. జాజ్ వాద్యకారులకి అది అడ్డం. ఒకరి తర్వాత ఒకరు మనోధర్మం చూపించేటప్పుడు నలుచదరంగా తిరిగే చక్రం కావాలి. తోక కోసేసి 32 చేశారు. ఆ కార్డ్‌ల వరుసకే «రిథమ్ ఛేంజెస్» అని పేరు పడి, దాని మీద వందల కొత్త రాగాలు పుట్టాయి. ఇందులో గడుసుతనం కూడా ఉంది. రాగానికి కాపీరైట్ ఉంది, ఒట్టి కార్డ్‌ల వరుసకి లేదు. పాత కార్డ్‌ల మీద కొత్త రాగం కడితే రాయల్టీ పాత పబ్లిషర్‌కి ఇవ్వక్కర్లేదు. 1940 రెవ్యూ (ఒకే కథ లేకుండా పాటలూ చిన్న దృశ్యాలూ కలిపిన ప్రదర్శన) «టూ ఫర్ ద షో»లో, యుద్ధకాలపు లండన్ చీకట్లో నింపాదిగా నడిచిన «హౌ హై ద మూన్» కార్డ్‌లే జాజ్ వాద్యకారుడు చార్లీ పార్కర్ «ఆర్నిథాలజీ»కి పునాది.

అన్నిటికంటే ముచ్చటైనది «ఆల్ ద థింగ్స్ యు ఆర్». 1939లో «వెరీ వార్మ్ ఫర్ మే» 59 ప్రదర్శనలకే మూతపడింది. కెర్న్‌కి అదే చివరి బ్రాడ్వే నాటకం. పల్లవిలో ఆధార శ్రుతి ఏ ఫ్లాట్ నుంచి సి, ఈ ఫ్లాట్, జి, ఈ దాకా ప్రయాణిస్తుంది. మూడో ముక్క చివర జి షార్ప్‌గా నిలిచిన స్వరమే నాలుగో ముక్కలో ఏ ఫ్లాట్ అవుతుంది. పియానో మీద అదే మీట, పేరు మాత్రం వేరు. వినేవాడికి తలుపు తీయకుండానే ఇంకో గదిలోకి వచ్చినట్టుంటుంది. జనానికి ఇది ఎక్కదేమోనని కెర్న్ బెంగపడ్డాడంటారు. సాకీ సహజంగానే తెగింది. 1945లో డిజీ గిలెస్పీ, చార్లీ పార్కర్ రికార్డు చేస్తూ ముందు ఒక చిన్న ఉపోద్ఘాతం వాయించారు. అది ఎంతగా అతుక్కుపోయిందంటే, చాలామంది వాద్యకారులకి పాట మొదలయ్యేది అక్కడే. కెర్న్ రాసిన సాకీ పోయి, కెర్న్ రాయనిది దాని పీట మీద కూర్చుంది.

మూలం వెతికేటప్పుడు

మొదట అప్పటి షీట్ మ్యూజిక్ అట్ట చూడండి. నాటకం పాట అయితే పైన పెద్దక్షరాల్లో నాటకం పేరు, నిర్మాత పేరు, చాలాసార్లు కింద ఆ నాటకంలోని మిగతా పాటల పట్టీ ఉంటాయి. లోపల కాపీరైట్ సంవత్సరం ఉంటుంది. అది నాటకం తెరలేచిన ఏడాదితో సరిపోకపోతే ఏదో మెలిక ఉన్నట్టే. తర్వాత ఇంటర్నెట్ బ్రాడ్వే డేటాబేస్‌లో ఆ నాటకం పేజీ తెరిస్తే తొలి తారీఖు, ప్రదర్శనల సంఖ్య, ఏ పాట ఏ పాత్రదో దొరుకుతాయి. 1930 దాకా అచ్చైన పాటలు అమెరికాలో ఇప్పటికే ఉమ్మడి సొత్తులోకి వచ్చేశాయి (అక్కడ లెక్క 95 ఏళ్ళు), కాబట్టి సాకీతో సహా అసలు అచ్చుప్రతి దొరకడం కష్టం కాదు.

తప్పటడుగులు పడేచోట్లు కొన్ని ఉన్నాయి. సినిమాని మూలం అనుకోవడం మొదటిది. «మై ఫేవరెట్ థింగ్స్» 1959 నాటకం «ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్»లో మరియా, మఠాధిపతి కలిసి పాడతారు. ఉరుముల రాత్రి పిల్లలతో పాడేది 1965 సినిమాలో. జాజ్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ దాన్ని 1960లోనే రికార్డు చేశాడు, సినిమా రాకముందే. రెండోది, పునఃప్రదర్శనల్లో వేరే నాటకాల పాటలు కలపడం: «ఇట్స్ డి-లవ్లీ» ఇప్పుడు «ఎనీథింగ్ గోస్»లో వినిపిస్తుంది గానీ అది 1936 నాటి «రెడ్, హాట్ అండ్ బ్లూ!»లోది. మూడోది, పాత నాటకంలో తీసేసిన పాటని కొత్తదాంట్లో వాడుకోవడం. «షో బోట్»లోని «బిల్» 1918 నాటి వేరే నాటకానికి పి.జి.వుడ్‌హౌస్ రాసింది. జీవ్స్ కథలు రాసిన వుడ్‌హౌసే.

పాడేవాళ్ళకి ఒక మాట. సాకీ దొరికాక దాన్ని పల్లవి వేగంతో పాడకండి. పియానో ఒక్కటే ఉంచి, తాళం వదిలేసి, మాట్లాడినట్టు చెప్పి, పల్లవి మొదటి బార్‌లో తాళం అందుకోవాలి. డ్రమ్స్, బేస్ అక్కడే చేరాలి. సాకీలోనే గొంతంతా ఖర్చుపెడితే పల్లవికి ఎక్కడానికి మెట్టు మిగలదు.

ఇంత వెతికినా ఇల్లు దొరకని పాట ఒకటుంది: గెర్ష్విన్ సోదరుల «ద మ్యాన్ ఐ లవ్». 1924లో «లేడీ, బి గుడ్!» ఫిలడెల్ఫియాలో ఆడించి చూస్తున్నప్పుడు తీసేశారు. 1927లో «స్ట్రైక్ అప్ ద బ్యాండ్»లో పెడితే ఆ నాటకమే న్యూయార్క్ చేరకుండా ఆగిపోయింది. 1928లో «రోజలీ»కి అనుకున్నారు, అక్కడా నిలవలేదు. ఈలోగా ఎడ్వినా మౌంట్‌బాటెన్, తర్వాత మన దేశానికి చివరి వైస్రాయి భార్యగా వచ్చినావిడే, షీట్ ఒకటి అడిగి లండన్ పట్టుకెళ్ళింది. అక్కడి బ్యాండ్‌ల ద్వారా పాట ఎంత ప్రచారమైందంటే, 1930లో «స్ట్రైక్ అప్ ద బ్యాండ్» మళ్ళీ వేసినప్పుడు ఇది మరీ పాతబడిపోయిందని పక్కన పెట్టారు. ఇంతకీ ఆ రాగం పుట్టింది పల్లవిగా కాదు. జార్జ్ దాన్ని వేరే పాటకి సాకీగా కట్టాడు. పల్లవిని మింగేస్తోందని గమనించి, ఆ పల్లవిని పారేసి, సాకీనే పల్లవి చేశాడు.